అడవి ఏనుగు – భక్తుని నడక
(మన ఆలయ కల్యాణమండపంలో చేసిన ఉపన్యాస పాఠం)



ఏ పూజ చేసినా మనం ముందుగా తలచుకొనేది గజముఖుణ్ణి. ఇంటి గడప పైన గజలక్ష్మి ఉంటుంది. వాహనసేవలలో స్వామి గజవాహనం మీద ఊరేగుతాడు. ఆర్తుడైనవాడు ఎట్లా మొరపెట్టుకోవాలో చెప్పవలసి వచ్చినపుడు భాగవతం ఒక ఏనుగునే చూపింది. ఇంతగా ఏనుగును కొలిచే జాతి మరొకటి ఉన్నదో లేదో నాకు తెలియదు. అయితే ఆ ఏనుగు అడవిలో ఏమి తింటుంది, ఎంత దూరం నడుస్తుంది, ఎందుకు కోపగిస్తుంది అని అడిగితే మనలో నూటికి తొంభైమంది నోరు మెదపలేరు. పురాణంలోని ఏనుగు తెలుసు, ఆలయంలోని ఏనుగు తెలుసు. ఈ రెండింటినీ చూచిన కన్నుతోనే అడవిలోని ఏనుగును కూడా చూస్తాము. చిక్కంతా అక్కడే వస్తున్నది.

మీలో అనేకులు మాలధారణ చేసి శబరిమలకు వెళతారు. శివరాత్రికి అడవి దారిన తలకోనకు నడిచేవారున్నారు. శేషాచలం మెట్లదారిన ఏటా కొండెక్కేవారున్నారు. 2025లో శివరాత్రికి ముందు, అన్నమయ్య జిల్లాలో గుండాలకోన అడవిదారిన తలకోనకు నడిచి వెళుతున్న భక్తుల మీద ఏనుగులు పడి, కొందరు ప్రాణాలు కోల్పోయిన సంగతి మీరు మరచిపోయి ఉండరు. ఆ కుటుంబాల దుఃఖం గురించి నేను చెప్పదగిన మాట లేదు. ఇటువంటిది మళ్ళీ జరగకుండా ఉండాలంటే మనకు తెలిసి ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. ధర్మకర్తలు ఈ నెల నన్ను వాటి గురించి మాట్లాడమన్నారు.

నేను జంతుశాస్త్రం చదువుకొన్నవాణ్ణి కాను. ఎనిమిదో యేట అమరకోశం వల్లెవేయడం మొదలుపెట్టాను. అందులో ఏనుగుకు ఒకదాని వెంట ఒకటిగా పేర్లు వస్తాయి. అర్థం తెలియకుండానే కంఠస్థం చేశాము. తరువాత గురువుగారు వ్యుత్పత్తులు చెప్పినపుడు ఆశ్చర్యం కలిగింది. ఆ పేర్లు పెట్టినవారు ఏనుగును ఎంతో శ్రద్ధగా చూచినవారు. చేయి కలది కనుక హస్తి, కరి. రెండు దంతాలు కలది ద్విరదం. రెండింటితో త్రాగేది ద్విపం. ముందు తొండంతో పీల్చి, తరువాత నోటిలో పోసుకొంటుంది కనుక ఆ పేరు. ఈనాటికీ చాలామంది ఏనుగు తొండంతోనే నీళ్ళు త్రాగుతుందనుకొంటారు. ఆ సంగతి అప్పటివారికి స్పష్టంగా తెలుసు. గడ్డిదుబ్బులలో ఆనందించేది స్తంబేరమం. ఈ మాట నాకు అన్నిటికంటె ఇష్టం. రాజుల ఏనుగుశాలలో కూర్చొని పెట్టిన పేరు కాదది. అడవిలో, గడ్డిలో నిలుచున్న ఏనుగును దూరం నుంచి చూచినవాడు పెట్టిన పేరు.

చెట్ల పేర్లలో కూడా ఏనుగు ఆహారం దాగి ఉన్నది. మనం ప్రదక్షిణం చేసే రావిచెట్టుకు కుంజరాశనమని పేరు, అనగా ఏనుగుల తిండి. సల్లకీవృక్షానికి, తెలుగులో అందుగు చెట్టుకు, గజభక్ష్య అని పేరు. దాని బంకనే మనం ధూపద్రవ్యంగా వాడతాము. మనకు పూజాద్రవ్యమైనది దానికి అన్నం.

ఇక ఆ అన్నం ఎంత కావాలో వినండి. పెరిగిన ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. 100 లీటర్లకు పైగా నీరు కావాలి. గడ్డి, వెదురు, మర్రి, రావి కొమ్మలు, చెట్ల బెరడు, వేళ్ళు, రాలిన పండ్లు – ఏది దొరికితే అది. ఇంత తిన్నా దాని కడుపు అందులో సగం కూడా జీర్ణించుకోలేదు. ఆవువలె నెమరు వేసే సౌకర్యం దానికి లేదు. కనుక రోజులో 16, 18 గంటలు మేతలోనే గడుస్తాయి. నిద్ర మూడు నాలుగు గంటలు. మనం అడవిలో ఒక ఏనుగును చూచి “ఊరికే నిలుచున్నది” అనుకొంటాము. దానికి ఊరికే నిలుచునే తీరిక లేదు.

ఇక్కడ మన సామెత ఒకటి గుర్తు వస్తుంది. కరి మ్రింగిన వెలగపండు అంటాము కదా. పైడొల్ల అట్లాగే ఉంటుంది, లోపల గుజ్జు మాయమవుతుంది. సంపద పోయే తీరుకు అది ఉపమానం. ఏనుగు డొల్ల పగలకుండా గుజ్జు ఎట్లా తింటుందని చిన్నప్పుడు గురువుగారిని అడిగాము. గజమంటే ఇక్కడ ఏనుగు కాదు, పండులో దూరే ఒక పురుగు అని చెప్పే పెద్దలు ఉన్నారని ఆయన అన్నారు. ఆ వివాదం అట్లా ఉండనీయండి. ఏనుగు వెలగపండును నిజంగానే ఇష్టంగా తింటుంది. జీర్ణం కాని విత్తనాలు పేడలో పడి, ఆ ఎరువులోనే మొలకెత్తుతాయి. ఇవాళ తిన్నచోట కాదు, రేపో ఎల్లుండో ఎన్నో కోసుల అవతల. అట్లా ఎన్నో చెట్లను అడవికి నాటేది ఏనుగే. మన సామెతలో సంపద పోయింది. అడవిలో చూస్తే అది మరొకచోట మొలిచింది.

ఒకచోటనే ఉండి అంత మేత మేస్తే ఏ అడవీ తట్టుకోలేదు. అందుచేత ఏనుగు నడుస్తూ ఉండాలి. ఒక్కొక్క మంద తిరిగే ప్రాంతం వందల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఎండాకాలం నీరున్న లోయకు, వానలు పడినపుడు లేతగడ్డి ఉన్న మిట్టలకు పోతుంది. ఈ దారులు తల్లి నుంచి పిల్లకు వస్తాయి. ఏ వాగు ఎండినా ఏ గుంట ఎండదో ముసలి ఏనుగుకు గుర్తుంటుంది. కరవు ఏడాదిలో మంద బ్రతకడం దాని జ్ఞాపకం మీద ఆధారపడి ఉంటుంది.

ఆ ముసలి ఏనుగు ఆడది. మన కావ్యాలలో యూథపతి ఎప్పుడూ మగ ఏనుగే. అయితే అడవిలో దశాబ్దాలు గడిపి చూచిన పరిశోధకులు చెప్పేది వేరు. మంద అంటే ఒక అమ్మమ్మ, ఆమె కూతుళ్ళు, వారి పిల్లలు. నడిపేది అమ్మమ్మ. మగపిల్ల యౌవనం వచ్చే వేళకు, పది పదిహేనేళ్ళకు, మందను విడిచి ఒంటరిగానో, తనవంటి మరి రెండు మూడింటితోనో తిరుగుతుంది. కావ్యాన్ని కొట్టివేయవలసిన పని లేదు. సంగమకాలంలో పెద్ద మగ ఏనుగు మందలోకి వస్తుంది. దూరం నుంచి చూచిన కవికి దంతాలతో, ఆ ఠీవితో అదే నాయకుడుగా కనబడి ఉంటుంది. మనకు కావలసినది ఇంతే: అడవిలో గుంపు కనబడితే అందులో తల్లులు, పాలు త్రాగే గున్నలు ఉన్నాయని తెలుసుకోవాలి. తల్లి ఏనుగు 20 నుంచి 22 నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. మళ్ళీ కాన్పుకు నాలుగైదేళ్ళు పడుతుంది. అటువంటి పిల్లకూ తల్లికీ మధ్యకు ఒక మనిషి వస్తే ఆ తల్లి ఆలోచిస్తూ నిలుచుంటుందా?

మందలోనివి ఒకదానికొకటి కనబడనంత దూరంలో మేస్తూ కూడా ఒక్కసారిగా కదలడం, ఒక్కసారిగా ఆగడం వేటగాళ్ళూ మావటులూ ఎప్పటినుంచో చూస్తూ వచ్చారు. కారణం ఈ మధ్యనే తెలిసింది. 1984లో కేటీ పేన్ అనే శాస్త్రజ్ఞురాలు అమెరికాలో పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో మన ఆసియా ఏనుగుల దగ్గర కూర్చొని ఉండగా, చెవికి ఏమీ వినబడకుండానే గాలిలో ఒక కంపనం ఒంటికి తగిలిందట. యంత్రాలతో పరీక్షిస్తే, మనిషి చెవికి అందని మంద్రస్థాయిలో అవి మాటలాడుకొంటున్నాయని తేలింది. మన సంగీతంలో మంద్రస్థాయి అంటే మనకొక హద్దు ఉన్నది. వాటి మంద్రం ఆ హద్దుకు దిగువన మొదలవుతుంది. కనుక అడవిదారిలో మీకు ఒక ఏనుగు కనబడి, “ఒక్కటే కదా” అని ధైర్యం తెచ్చుకొన్నారనుకోండి. మిగిలినవి పొదల వెనుక ఉండవచ్చు. వాటికి మీ సంగతి అప్పటికే చేరి ఉంటుంది.

మదం గురించి ఒక మాట చెప్పాలి. వయసు వచ్చిన మగ ఏనుగుకు ఏడాదిలో కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు నెలలు, కంటికీ చెవికీ నడుమనున్న గ్రంథి నుంచి చిక్కని ద్రవం కారుతుంది. ఆ కాలంలో దాని రక్తంలో పురుషలక్షణాన్ని కలిగించే ద్రవ్యం ఎన్నోరెట్లు పెరుగుతుంది. అది జబ్బు కాదు, పిచ్చి కాదు, ఋతుధర్మం. ఆ వేళ ఎవ్వరికీ దారి ఇవ్వదు. సంస్కృతంలో ఆ ద్రవానికి “దానం” అని కూడా పేరు. కవులు ఈ రెండర్థాల మీద ఎన్ని చమత్కారాలు చేశారో చెప్పలేను. రాజు చేతి దానమూ, ఏనుగు చెంప దానమూ ఒకే పద్యంలో పారుతుంటాయి. ఈ సభలో దాతలు ఎక్కువ కనుక నవ్వుతూ చెబుతున్నాను: చెంప మీద దానపు తడి కనబడిన ఏనుగు దగ్గరకు మీ దానంతో వెళ్ళకండి.

గజస్నానం అనే మాట మీకు తెలుసు. స్నానం చేసి వెంటనే ఒంటి మీద దుమ్ము పోసుకొంటుంది కనుక, వ్యర్థమైన పనికి దాన్ని దృష్టాంతంగా చెబుతాము. నేనూ ప్రాయశ్చిత్త ప్రకరణం చెప్పేటప్పుడు అదే చెబుతాను. దృష్టాంతం దృష్టాంతంగా నిలుస్తుంది. ఏనుగుకు మాత్రం అది వ్యర్థం కాదు. దాని చర్మం మందంగా కనబడుతుందే కాని ఎండకూ ఈగలకూ తట్టుకోలేదు. తడి మీద పట్టిన దుమ్ము దానికి లేపనం.

మన ప్రాంతానికి వద్దాము. దాదాపు రెండు వందల ఏళ్ళపాటు మన ఆంధ్రదేశంలో స్థిరంగా ఉండే అడవి ఏనుగులు లేవు. కళింగ గజాలు శ్రేష్ఠమని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో లెక్కించిన కాలం ఎప్పుడో గడిచిపోయింది. ఏనుగుల వనాలకు ఆయన వేరుగా అధికారిని నియమించమన్నాడు. ఏనుగును చంపినవానికి మరణదండన విధించాడు. తనంత తాను చచ్చిన ఏనుగు దంతాలు తెచ్చి ఇచ్చినవానికి నాలుగుంపావు పణాలు బహుమానం ఇమ్మన్నాడు. యుద్ధానికి కావాలి కనుక కాపాడాడు. కరుణతో అని నేను చెప్పను. ఇప్పుడు యుద్ధం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్నది. 2010లో భారత ప్రభుత్వం ఏనుగును జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించింది.

1980ల తొలి సంవత్సరాలలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి కొన్ని ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చాయి. అక్కడి అడవులు కోతపడటం, కరవు, దారులు తెగిపోవడం కారణాలని చెబుతారు. వచ్చినవి పూర్తిగా తిరిగి పోలేదు. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. తరువాత కొన్ని శేషాచలం దాకా వచ్చాయి. ఉత్తరాన ఒడిశా నుంచి శ్రీకాకుళం, పార్వతీపురం వైపు దిగివచ్చిన మందలు వేరు. కౌండిన్య అడవి సన్నగా, చీలికలుగా ఉంటుంది. ఏనుగు ఒక రాత్రి నడిస్తే అటు చేను, ఇటు చేను. చేనులో రాగి, వరి, చెరకు, అరటి, మామిడి. అడవిలో రోజంతా మేసినా దొరకని పుష్టి చెరకుతోటలో ఒక్క జాములో దొరుకుతుంది. దానికి సర్వే రాళ్ళు తెలియవు.

ఈ విషయాన్ని 1980లలో రామన్ సుకుమార్ అనే శాస్త్రజ్ఞుడు కర్ణాటక, తమిళనాడుల సరిహద్దు అడవులలో తిరిగి పరిశీలించాడు. చేలమీద పడేవాటిలో మందలకంటె పెద్ద మగ ఏనుగుల పాలు చాలా ఎక్కువని ఆయన లెక్కలు చూపాయి. పిల్లలున్న తల్లి అపాయం చూచుకొంటుంది. ఒంటరి మగది తెగించి వస్తుంది, బాగా తిని బలుస్తుంది. బలిసినది పోటీలో గెలుస్తుంది. తెగింపుకు దానికి ఫలం ఉన్నది మరి.

చేను యజమాని మాట కూడా వినాలి. మా బంధువర్గంలో పలమనేరు దగ్గర రాగి వేసే రైతు ఒకరున్నారు. నాలుగు నెలల పంట ఒక రాత్రిలో పోయిన తరువాత నాతో అన్నాడు: “సామీ, తినింది ఒక పాలు, తొక్కింది మూడు పాళ్ళు. వినాయకుడు తిన్నాడు పుణ్యమే అంటారు ఊళ్ళో. బ్యాంకువాళ్ళకు ఆ పుణ్యం కట్టొచ్చా?” నాకు వెంటనే జవాబు తోచలేదు. దేశం మొత్తం మీద ఏటా సుమారు 500 మంది ఏనుగుల వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు. వారిలో చాలామంది పేద రైతులు, కూలీలు, కట్టెలకు పోయిన ఆడవారు. అటు, దొంగతనంగా కరెంటు తీగ లాగి చేను చుట్టూ కట్టడం వల్ల ఏనుగులూ చస్తున్నాయి. అటవీశాఖవారి సోలార్ కంచె చురుక్కుమనిపించి వదిలేస్తుంది; స్తంభం నుంచి లాగిన తీగ చంపుతుంది. ఆ తీగకు ఒక్కొక్కప్పుడు రాత్రి నీళ్ళు పెట్టడానికి వచ్చిన పక్క రైతూ బలి అవుతున్నాడు. ఈ తీగ విషయంలో నాకు ఎవరి మీదా జాలి లేదు; అది హింస, అంతే.

2025లో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి నాలుగు కుంకీ ఏనుగులను ఇచ్చింది. శిక్షణ పొందిన ఈ ఏనుగులు మావటులతో వెళ్ళి, చేలలోకి దిగిన అడవి ఏనుగులను మళ్ళిస్తాయి. మంచి పనే. అయితే మళ్ళించడానికి అవతల అడవి ఉండాలి కదా.

ఇప్పుడు ఒక మొక్కు గురించి చెబుతాను. ఉపన్యాసానికి ధర్మకర్తలు ఈ విషయాన్ని ఎంచుకోవడానికి నిజానికి అదీ ఒక కారణం. మన ఆలయానికి ఎన్నో ఏళ్ళుగా సేవ చేస్తున్న ఒక దాత, వారి మనుమడు పెద్ద ఆపద నుంచి బయటపడితే 108 అరటి గెలలు అడవి ఏనుగులకు సమర్పిస్తానని మొక్కుకొన్నారు. స్వామి దయవల్ల పిల్లవాడు కోలుకొన్నాడు. లారీ మాట్లాడుకొని, అడవి అంచున ఏనుగులు దిగే చోటు కూడా కనుక్కొని, మంచి రోజు చెప్పమని నా దగ్గరకు వచ్చారు. భక్తి గొప్పది, ఆ కళ్ళలో నీళ్ళు నిజమైనవి. ముహూర్తం నేను పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో చెబుతాను. తమిళనాడులో సత్యమంగళం అడవి గుండా పోయే పెద్ద రహదారిలో కారపల్లం తనిఖీ కేంద్రమని ఒకటి ఉన్నది. అక్కడ చెరకు లారీలు ఆగినపుడు డ్రైవర్లు నాలుగు గడలు రోడ్డు పక్కకు విసరడం అలవాటు చేశారు. ఏనుగులు ఆ లారీల కోసం రోడ్డు పక్కన కాచుకొని ఉండటం మొదలుపెట్టాయి. తల్లి వెంట గున్నలు కూడా అదే నేర్చుకొన్నాయి. గడ్డిదుబ్బులలో ఆనందించవలసిన స్తంబేరమం తారురోడ్డు మీద చేయి చాచి నిలబడింది. ఏనుగుకు జ్ఞాపకం చాలా గట్టిది. అరటి గెల దొరికిన చోటికి అది మళ్ళీ వస్తుంది. ఆ రోజు గెల పెట్టినవాడు అక్కడ ఉండడు. తెల్లవారుజామున పాలక్యాను పట్టుకొని ఆ దారిన వచ్చే రైతు ఉంటాడు. అతని సైకిలు మీద ఏమీ లేదని ఏనుగుకు ఎవరు చెబుతారు?

దానానికి దేశం, కాలం, పాత్ర అని మూడు చూడమన్నారు పెద్దలు. అడవి ఏనుగు పాత్రం కాదా అని ఆయన అడిగారు. ఆకలిగొన్నవాడే పాత్రుడైతే ఆ ఏనుగు పాత్రమే. కాని అది బిచ్చగాడు కాదు. దాని అన్నం దానికి అడవి పెడుతున్నది. మనం చేయవలసినది ఆ అన్నం దారికి అడ్డం రాకపోవడం. మరి మొక్కు మాటేమిటి? మీమాంసలో ప్రతినిధి విచారం ఒకటి ఉన్నది. వ్రీహులు దొరకకపోతే నీవారాలు, సోమలత దొరకకపోతే పూతిక. ద్రవ్యం మారినా కర్మ నిలుస్తుంది. ఇక్కడ ద్రవ్యం దొరకకపోవడం కాదు, ఉంచదలచిన చోటు తగనిది కావడం. అయినా ఆ న్యాయాన్ని అనుసరించి రెండు ఉపాయాలు చెప్పాను. ఒకటి, అధికారుల అనుమతి తీసుకొని, మావటుల చేతి మీదుగా, వారు చెప్పిన పరిమాణంలో కుంకీల శిబిరానికి మేత ఇవ్వడం. అవీ గజాలే కదా. రెండు, మిగిలిన ధనంతో, ఏనుగుల వల్ల పంట పోయిన ఒక రైతు కుటుంబానికి ఆ ఏడాది గ్రాసం చూడటం. అడవి ఏనుగు తిన్నది ఆ రైతు అన్నమే కనుక, ఆయనకు ఇచ్చినది ఏనుగుకు ఇచ్చినట్లే అన్నాను.

మొదటి దానికి ఆయన ఒప్పుకొన్నారు. రెండోదానికి “పంతులుగారూ, మీరు తర్కంతో మొక్కును మళ్ళిస్తున్నారు” అన్నారు. అనుమానం ఆయనకు పూర్తిగా పోలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు. పదిరోజుల తరువాత రైతు పేరు, ఊరు అడిగి పంపారు.

అడవిదారిన నడిచేవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఏనుగుకు చూపు కంటె వాసన బలం. గాలి అటు వీస్తుంటే మీరు దానికి ముందే తెలుస్తారు. ఇటు వీస్తుంటే మలుపు తిరిగేదాకా ఇద్దరికీ తెలియదు. అపాయం ఆ మలుపులోనే. అందువల్ల తెల్లవారకముందు, పొద్దు గూకిన తరువాత అడవిదారిన నడవవద్దు. గుండాలకోన విషాదం చీకటివేళ జరిగినదే. అటవీశాఖవారు దారి మూసివేశామంటే అది స్వామి దర్శనానికి అడ్డుపడటం కాదు. వారి ట్రాకర్లకు ఆ రాత్రి మంద ఎక్కడున్నదో తెలుసు, మనకు తెలియదు. అలిపిరి దారిలో 2023లో చిరుత ఒక పసిబిడ్డను ఎత్తుకొనిపోయిన తరువాత, మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లలను నడకదారిలోకి అనుమతించవద్దని దేవస్థానంవారు నిర్ణయించారు. దానికీ విసుక్కొన్నవారిని చూచాను. విసుక్కోవద్దు.

“గోవిందా అని, శరణమయ్యప్పా అని గట్టిగా అనవచ్చునా, ఏనుగుకు కోపం రాదా?” అని కిందటి వారం ఒక అమ్మ అడిగారు. మంచి ప్రశ్న. గుంపుగా నామం చెబుతూ నడవడం మన ఆచారం. మనం వస్తున్నామని అది ముందుగా తెలుపుతుంది. మృగానికి తప్పుకొనే వ్యవధి దొరుకుతుంది. ఎదురుపడిన తరువాత మాత్రం మౌనం. నిలిచి ఫోటో తీయడం, కేకలు వేయడం, రాయి విసరడం, టపాకాయ కాల్చడం – ఏదీ వద్దు. చెవులు విప్పి, తల ఎత్తి నిలిచిందంటే “ఇంకా దగ్గరకు రావద్దు” అని చెబుతున్నది. అది చెప్పినపుడు వినాలి. వచ్చిన దారినే మెల్లగా వెనక్కు పోవాలి. ఏనుగు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో రాగలదు. రాళ్ళూ వేళ్ళూ ఉన్న దారిలో మనం దానితో పందెం వేయలేము. దీర్ఘదండం పెట్టి మొక్కబోయే భక్తులు కూడా ఉన్నారని విన్నాను. ఇంటికి వచ్చి విఘ్నేశ్వరుని ముందు పెట్టండి.

చివరగా ఇరుముడి. శబరిమల దారి పెరియార్ పులుల అభయారణ్యం గుండా పోతుంది. ఎరుమేలి నుంచి అళుదా, కరిమల మీదుగా నడిచేవారు ఏనుగుల ఇంట్లోనే నడుస్తారు. బెల్లం, నెయ్యి, ఉప్పు వాసన పట్టిన ప్లాస్టిక్ సంచులను ఏనుగులు, దుప్పులు మింగుతాయి. అక్కడి ఏనుగుల పేడలో ఆ సంచులు కనబడుతున్నాయి. కరి మ్రింగిన వెలగపండు మొలకెత్తుతుంది, కరి మ్రింగిన ప్లాస్టిక్ దాని కడుపులో చుట్టుకొంటుంది. ఇరుముడిలో ప్లాస్టిక్ వద్దని అక్కడి దేవస్థానంవారు కోరుతూనే ఉన్నారు. ఈ మండపంలో ఇరుముడి కట్టుకొనడానికి వచ్చేవారు పసుపు, కుంకుమ, కర్పూరం, అటుకులు, బెల్లం కాగితపు పొట్లాలలోనో, గుడ్డమూటలలోనో తెచ్చుకోండి. పన్నీరు సీసాలు తేవద్దు. మరచి వచ్చినవారి కోసం ఆలయ కార్యాలయంలో గుడ్డసంచులు ఉంచమని ధర్మకర్తలను అడిగాను, ఒప్పుకొన్నారు. కార్తికం మొదటి రోజు నుంచి ఉదయం ఆరు గంటలకు అక్కడ దొరుకుతాయి.

స్వస్తి.